సొరకాయ బుర్ర

ఐసెలిన్‌లో ఎండలు మొదలయ్యాయంటే శనివారం పొద్దున్నే ఏదో ఒక వీధిలో గరాజ్ సేల్ ఉంటుంది. ఓక్ ట్రీ రోడ్డుకి కూరగాయల కోసమని బయల్దేరి, దారిలో అలాంటి చోట ఆగడం నాకు అలవాటు. పోయిన జూన్‌లో అలా ఆగినప్పుడు, పాత లాంపులకీ ప్లాస్టిక్ కుర్చీలకీ మధ్య ఫ్రేము కట్టిన బొమ్మ ఒకటి కనపడింది. ఒక ఏరు, దాని మీద చిన్న వంతెన, అవతల నీలంగా కొండలు. ఇవతల చెట్టు నీడలో రెండు ఆవులు, గొర్రెలు, ఒక కాపరి, ఇద్దరు ఆడవాళ్లు. ధర ఐదు డాలర్లు. బేరమాడకుండా ఇచ్చేశాను. చూడగానే మా ఊరు గుర్తొచ్చింది మరి. నిజానికి మా ఊళ్లో ఏరు లేదు, కొండలూ లేవు. అయినా గుర్తొచ్చింది.

అప్పుడు మా అమ్మ ఆరు నెలలకని వచ్చి మా ఇంట్లో ఉంది. మాది పల్నాడులో వినుకొండ దగ్గర ఒక పల్లె. బొమ్మని లివింగ్ రూమ్‌లో తగిలించి, "ఎలా ఉందమ్మా?" అని మురిపెంగా అడిగాను. అమ్మ కళ్లజోడు పైటకొంగుతో తుడుచుకుని దగ్గరికెళ్లి చాలాసేపు చూసింది.

"ఈ పిల్ల నడుముకి సొరకాయ బుర్ర కట్టుకుందే!" అంది ముందు. నేను అసలు గమనించనే లేదు. తర్వాత వరసగా మొదలుపెట్టింది. "ఇంతమంది బయటున్నారు, ఒక్కరికీ చెమట పట్టలేదేంది? ఆవు పాలకుందంటున్నావు, దూడేది? గొర్లు అంత తెల్లగా ఎట్టున్నయ్యి? ఈ ఆడోళ్లు ఏం పని జేస్తున్నారే, ఊరికే కూర్చున్నారా?"

నాకు కొంచెం రోషం వచ్చింది. బొమ్మలో కూడా పని చెయ్యాలా అనుకున్నాను. కానీ ఆ రాత్రి ఫ్రేము కింద చిన్న అక్షరాల్లో ఉన్న పేరు పట్టుకుని చదవడం మొదలుపెట్టాక, అమ్మ అడిగిన ప్రశ్నలు చిన్నవి కావని అర్థమైంది.

బుర్రే సంతకం

ఆ పేరు ఫ్రాంచెస్కో జుకరెల్లి. 1702లో ఇటలీలోని టస్కనీ ప్రాంతంలో పిటిల్యానో అనే ఊళ్లో పుట్టాడు. నాకు దొరికింది ఆయన వేసిన చిత్రానికి ఎప్పుడో తీసిన అచ్చు కాగితం. ఇటాలియన్‌లో 'జుక్కా' అంటే గుమ్మడికాయ, సొరకాయ జాతి కాయ. తన పేరులో ఆ మాట ఉంది కనుక, చాలా చిత్రాల్లో ఏదో ఒక పల్లెపడుచు నడుముకి ఒక సొరకాయ బుర్ర తగిలించేవాడట. అక్షరాలతో సంతకం చేసే బదులు అదే ఆయన గుర్తు. కళాచరిత్ర పుస్తకాల్లో వివరించి చెప్పే ఈ సంగతిని మా అమ్మ మొదటి చూపులోనే పట్టేసింది. పొలానికి నీళ్లు మోసినవాళ్ల కన్ను కదా మరి.

జుకరెల్లి 1730ల మొదట్లో వెనిస్ చేరాడు. ఆ రోజుల్లో వెనిస్ ధనికులకు నగరంలో పడవలు ఆగే మేడలతో పాటు, భూమి మీద పొలాలూ, వాటి మధ్య విల్లాలూ ఉండేవి. ఎండాకాలం అక్కడికి వెళ్లి గడపడం మర్యాదస్తుల అలవాటు. ఆ విల్లాల గోడలకి పల్లె దృశ్యాలు కావాలి. దానికి తోడు ఇంగ్లండు నుంచి దొరబిడ్డలు చదువులో భాగంగా ఇటలీ యాత్రకు వచ్చి, వెళ్తూ వెళ్తూ చిత్రాలు కొనుక్కుపోయేవాళ్లు. వెనిస్‌లో బ్రిటిష్ కాన్సల్‌గా ఉన్న జోసెఫ్ స్మిత్ ఇలాంటివి బోలెడు పోగేశాడు. 1762లో ఆ సేకరణని ఇంగ్లండు రాజు మూడో జార్జ్ కొన్నాడు. జుకరెల్లి తను కూడా ఇంగ్లండు వెళ్లి ఏళ్ల తరబడి అక్కడ పనిచేశాడు. 1768లో లండన్‌లో రాయల్ అకాడమీ పెట్టినప్పుడు వ్యవస్థాపక సభ్యుల్లో ఆయనొకడు.

ఇంకో తమాషా ఉంది. 1690లో రోమ్ నగరంలో ఆర్కాడియా అనే పేరుతో ఒక సాహిత్య సభ పుట్టింది. అందులో చేరిన కవులూ, పండితులూ, ప్రభువులూ గొర్రెల కాపరుల పేర్లు పెట్టుకునేవాళ్లు. గొర్రె ఎటు మేస్తుందో తెలియకపోయినా సరే. ఇది చదివి నవ్వుకున్నాను గానీ, వెంటనే మన సంక్రాంతి సంబరాలు గుర్తొచ్చాయి. హైస్కూల్ ఆడిటోరియంలో అట్టతో చేసిన ఎడ్లబండి, థర్మకోల్ పూరిల్లు. వాటి ముందు పట్టుచీర కట్టుకుని నేను దిగిన ఫోటోలు నా ఫోన్లో ఇప్పటికీ ఉన్నాయి.

అంటే ఆ చిత్రాలు కొన్నవాళ్లు పొలాలకు యజమానులు. చిత్రాల్లో ఉన్నవాళ్లు ఆ పొలాల్లో కష్టపడినవాళ్లు. ఇటలీలో చాలాచోట్ల పండిన పంటలో సగం భూస్వామికి కొలిచే పద్ధతి ఉండేది. మన సగపాలు లాంటిదే. కొన్నవాళ్లకి చెమట కనపడటం ఇష్టం ఉండదు కనుక చిత్రకారుడు తుడిచేశాడు. గొర్రెలు తెల్లగా ఉన్నది అందుకే.

కుండలో ఏముంది?

మర్నాడు అమ్మకి ఐప్యాడ్‌లో ఇంకో చిత్రం చూపించాను. అదే కాలంలో వెనిస్‌లో ఉన్న పియెత్రో లోంగీ 1740 ప్రాంతంలో వేసినది. పేరు 'పొలెంటా'. ఇప్పుడు వెనిస్‌లోని కా రెజ్జోనికో మ్యూజియంలో ఉంది. వంటింట్లో ఒక ఆవిడ కుండలోంచి ఉడికిన ముద్దని బల్ల మీద పరిచిన గుడ్డ మీదికి వంచుతోంది. పక్కన ఇంకొక ఆవిడ. ఎదురుగా ఇద్దరు మగవాళ్లు కూర్చుని ఉన్నారు.

"సంకటి!" అంది అమ్మ. ఆ వెంటనే, "ఇద్దరు వండుతుంటే ఇద్దరు కూర్చుని చూస్తున్నారు. మన ఇల్లే" అంది. మావారు లాప్‌టాప్ తీసుకుని మెల్లగా పైగదిలోకి వెళ్లిపోయారు.

అమ్మ అన్నది నిజమే. పొలెంటా అంటే మొక్కజొన్న సంకటే. మొక్కజొన్న అమెరికా ఖండం నుంచి యూరప్‌కి వెళ్లిన పంట. పద్దెనిమిదో శతాబ్దానికి ఉత్తర ఇటలీ పేద రైతుకు అదే ముఖ్యమైన తిండి అయింది. గోధుమ పండించినా అది దొరవారి గాదెకి పోయేది. ఇంట్లో పొద్దునా సాయంత్రం పొలెంటాయే.

దాని వల్ల ఒక జబ్బు వచ్చింది. ఎండ తగిలే చోటల్లా చర్మం ఎర్రబారి, నల్లబడి, పొలుసులుగా ఊడేది. విరేచనాలు పట్టుకునేవి. ముదిరితే మతి చలించేది, ప్రాణం పోయేది. 1771లో మిలాన్ వైద్యుడు ఫ్రాంచెస్కో ఫ్రపొల్లి దీని గురించి రాస్తూ జనం వాడుకలో ఉన్న 'పెలాగ్రా' అనే మాటని వైద్యంలోకి తెచ్చాడు. గరుకు చర్మం అని దానర్థం. జుకరెల్లి అప్పటికి ఇంకా బతికే ఉన్నాడు. ఆయన బొమ్మల్లో ఏ కాపరి చేతుల మీదా అలాంటి మచ్చ ఉండదు.

కారణం తేలడానికి చాలా కాలం పట్టింది. 1910లలో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో వేలమందికి ఇదే జబ్బు వచ్చినప్పుడు, ఇది అంటువ్యాధి కాదనీ, తిండిలో లోపమనీ డాక్టర్ జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ చూపించాడు. లోపించినది నయాసిన్ అనే బి విటమిన్ అని 1937 తర్వాత స్పష్టమైంది. మొక్కజొన్నలో అది ఉంటుంది కానీ మన ఒంటికి పట్టేలా విడివడదు. మెక్సికోలో ఆడవాళ్లు వేల ఏళ్లుగా మొక్కజొన్నని సున్నపు నీళ్లలో ఉడికించి, నానబెట్టి, రుబ్బేవాళ్లు. అలా చేస్తే ఆ విటమిన్ విడివడుతుంది. మన ఓక్ ట్రీ రోడ్డు చుట్టుపక్కల మెక్సికన్ కొట్లలో దొరికే టోర్టియాల పిండి ఇప్పటికీ అలా చేసిందే. యూరప్ వాళ్లు గింజని ఓడెక్కించుకుని తీసుకెళ్లారు. వండే పద్ధతిని మాత్రం వదిలేశారు. అది వంటింటి ఆడవాళ్ల సంగతి, అడిగి తెలుసుకోదగ్గదని ఎవరికీ తోచలేదు.

ఇదంతా చెప్తుంటే అమ్మ మధ్యలో ఆపింది. "మా చిన్నప్పుడు కూలోళ్లలో కొంతమందికి మెడ చుట్టూ, చేతుల మీద అట్టాగే పొలుసులూడేయి. ఎండకి అనుకునేవాళ్లం. జొన్నన్నం తప్ప ఏముంది వాళ్లకి?"

వెతికితే అదీ నిజమే. మన దక్కనులో జొన్న మీదే బతికిన పేద కూలీల్లో పెలాగ్రా ఉండేది. హైదరాబాద్‌లోని పోషకాహార పరిశోధన సంస్థలో పనిచేసిన సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య 1960లో లాన్సెట్ పత్రికలో దీని గురించి రాశారు. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండటం దీనికి కారణమన్నది వారి వాదం. దాని మీద తర్వాత చాలా చర్చ జరిగింది. జొన్నది తప్పు కాదు సుమా. పప్పు, పాలు, ఆకుకూర, గుడ్డు తోడుంటే జొన్నరొట్టె ఎంతో మంచిది. ఏ తోడూ లేకుండా ఏడాది పొడుగునా అదొక్కటే తినాల్సి రావడం తప్పు. పల్నాటి జొన్నకూడు మీద శ్రీనాథుడు విసుక్కుంటూ చాటువులు చెప్పాడని మనం నవ్వుకుంటాం. ఆయన నాలుగు రోజులు తిని వెళ్లిపోయాడు. నాగార్జునసాగర్ కాలవలకి నీళ్లు వదిలింది 1967లో. మా అమ్మ చిన్నతనమంతా దానికి ముందుదే.

మనకేసి చూసే మనిషి

ఇటలీలో అందరూ జుకరెల్లిలా వెయ్యలేదు. ఆయన వెనక వచ్చిన జుసెప్పె జాయిస్ కూడా ఏర్లూ పశువులూ వేశాడు కానీ మనుషులు కాస్త మోటుగా, నేల మీద నిలబడినట్టు ఉంటారు. ఆయన ట్రెవీజో ఆసుపత్రిలో పేదవాడిగా చనిపోయాడు. విచెంజా దగ్గర వాల్మరానా విల్లాలో 1757లో తండ్రీకొడుకులు టియెపొలోలు గోడచిత్రాలు వేశారు. పెద్ద ఇంట్లో తండ్రి దేవతల్నీ వీరుల్నీ వేశాడు. అతిథి గృహంలో కొడుకు జాన్‌డొమెనికో చెట్టు కింద తింటున్న రైతుల్నీ, బజారుకెళ్తున్న పల్లె ఆడవాళ్లనీ వేశాడు. 1786లో అక్కడికి వెళ్లిన జర్మన్ కవి గోథె రెండు రకాలూ చూసి, సహజంగా ఉన్నవే బాగా కుదిరాయని రాసుకున్నాడు.

అందరికన్నా వేరు జాకొమో చెరూటి. 1698లో మిలాన్‌లో పుట్టి, బ్రేషా ప్రాంతంలో ఎక్కువగా పనిచేశాడు. బిచ్చగాళ్లు, నూలు వడికేవాళ్లు, లేసు అల్లే ఆడపిల్లలు, చెప్పులు కుట్టేవాళ్లు. వీళ్లనే పెద్ద పెద్ద చిత్రాలుగా, దొరల చిత్రాలు వేసే కొలతల్లో వేశాడు. అందుకని 'చిన్న బిచ్చగాడు' అనే అర్థం వచ్చే పేరు ఆయనకే అంటుకుంది. 2023లో లాస్ ఏంజిలిస్‌లోని గెట్టీ మ్యూజియం ఆయన చిత్రాలతో ప్రత్యేక ప్రదర్శన పెట్టింది.

న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఆయనది ఒక చిత్రం ఉందని తెలిసి, ఒక ఆదివారం మెట్రోపార్క్ స్టేషన్‌లో రైలెక్కి అమ్మనీ, మా అమ్మాయినీ తీసుకెళ్లాను. పులిహోర డబ్బాతో సహా. చిత్రం పేరు 'కుక్కతో ఒక స్త్రీ'. ఆమె అందగత్తె కాదు, పడుచు కాదు. కుక్కని పట్టుకుని సూటిగా మనకేసి చూస్తుంది. అమ్మ తన చేతిసంచీ రెండు చేతులా పట్టుకుని ఆమె ఎదురుగా నిలబడింది. "ఈమె ఎవురో గాని మనిషే" అంది.

తిరుగు రైల్లో మా అమ్మాయి ఫోన్లో చెరూటి చిత్రాలు ఒక్కొక్కటీ తీసి అమ్మమ్మకి చూపిస్తోంది. బ్రేషా మ్యూజియంలో ఉన్న 'చాకలి స్త్రీ' దగ్గర అమ్మ ఆపమంది. ఆ చిత్రంలో బట్టలుతుకుతున్న ఆమె పని మధ్యలో తలెత్తి మనల్ని చూస్తుంది. నవ్వదు. ఏడవదు. ఏం కావాలి అన్నట్టు ఉంటుంది.

"అమ్మమ్మా, నువ్వు కూడా ఇలా వాష్ చేసేదానివా?" అని అడిగింది మా అమ్మాయి.

"కాలవకాడ ఉతికేదాన్ని. దానికి ముందు నీళ్లు మోసేదాన్ని. మీ ఇంట్లో బొమ్మలో పిల్ల నడుముకి ఉందే, ఆ బుర్ర. మా అమ్మ పురుడు పోసుకుంటే, పొలానికి అన్నం, నీళ్లు తీసుకుపోయేవాళ్లు లేక నన్ను ఐదో తరగతిలో బడి మానిపించారు. నెల రోజులే అన్నారు. ఆ బుర్ర చేతికిచ్చారు. మళ్లీ బడికి పంపలా."

మా అమ్మ ఐదు దాకానే చదివిందని నాకు తెలుసు. ఆ రోజుల్లో ఆడపిల్లలంతా అంతేగా అనుకున్నాను. ఎందుకు మానిందో నలభై ఏళ్లలో ఒక్కసారీ అడగలేదు. నేను అడగని ప్రశ్న మా అమ్మాయి సగం తెలుగులో అడిగింది.

నేను కొన్న పల్లె

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. నాన్న పోయాక మూడేళ్లుగా అమ్మ ఊళ్లో ఒక్కతే ఉంటోంది. ఆ ఇల్లూ, ఎకరంన్నర చేనూ అమ్మేసి నరసరావుపేటలో లిఫ్టు ఉన్న అపార్ట్‌మెంటులో ఉంటానని రెండేళ్లుగా అడుగుతోంది. తమ్ముడు సరేనన్నాడు. నేనే పవర్ ఆఫ్ అటార్నీ మీద సంతకం పెట్టకుండా వాయిదా వేస్తూ వచ్చాను. పిల్లలకి చూపించడానికి మనకంటూ ఒక ఊరుండాలి కదా అన్నది నా వాదన. రెండేళ్లకోసారి వెళ్లి ఆ అరుగు మీద నాలుగు రోజులు కూర్చుంటే నా ప్రాణం లేచొస్తుంది. ఆ నాలుగు రోజుల ముందు రెండు వారాలు ఇల్లు దులిపి, సున్నం వేయించి, బాత్రూమ్ బాగుచేయించేది అమ్మ. మోకాళ్ల నొప్పులతో.

ఆ రాత్రి మళ్లీ ఆ మాట వచ్చినప్పుడు అమ్మ గట్టిగా ఏమీ అనలేదు. "నువ్వొచ్చి చూసుకునేదానికి నేనక్కడ కాపలా ఉండాలంటే ఉంటాలే" అంది, పప్పు తాలింపు పెడుతూ.

నేను లివింగ్ రూమ్‌లోకి వచ్చి కూర్చున్నాను. ఎదురుగా ఐదు డాలర్ల బొమ్మ. దొరబిడ్డలు కొనుక్కుపోయిన పల్లెకీ, నేను పట్టుకు వేలాడుతున్న పల్లెకీ తేడా ఏమిటని ఆలోచిస్తే నాకు పెద్దగా కనపడలేదు. వాళ్లు డబ్బిచ్చి కొన్నారు. నేను అమ్మ మోకాళ్లతో కొంటున్నాను.

మన ఇళ్ల గోడల మీద పల్లె బొమ్మలు తీసెయ్యమని నేననడం లేదు. ఎడిసన్, ఐసెలిన్ ఇళ్లలో తోట వైకుంఠం గారి పెద్దబొట్టు ఆడవాళ్లు చాలాచోట్ల కనిపిస్తారు. ఆయన తన బొమ్మల్లో స్త్రీలకి తన తల్లే ప్రేరణ అని చెప్పారు. సిద్దిపేట కాపు రాజయ్య గారు బోనాలనీ, పనిపాటలనీ జీవితాంతం చిత్రించారు. క్రిస్మస్ రోజుల్లో మెట్రోపాలిటన్ మ్యూజియంలో పెట్టే పద్దెనిమిదో శతాబ్దపు నేపుల్స్ బొమ్మల అలంకరణ చూడండి. బాలయేసు చుట్టూ కాపరులూ, ఊరి జనమూ ఉంటారు. మన బొమ్మల కొలువులో కూరగాయలమ్మీ, రైతూ ఉన్నట్టే. పిల్లల్ని తీసుకెళ్తే వాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది.

కాకపోతే మా అమ్మ అడిగినట్టు అడగండి. ఎండ ఏది? దూడ ఏది? కుండలో ఏముంది? ఇందులో పని చేస్తున్నది ఎవరు, కూర్చున్నది ఎవరు? ఇంట్లో అమ్మో అత్తగారో ఉంటే, ఆ బొమ్మ ముందు వాళ్లనే కూర్చోబెట్టి అడగండి. మ్యూజియంలో చెవికి పెట్టుకునే పరికరంలో ఆ సంగతులు రావు.

అమ్మ వెళ్లే లోపే నోటరీ దగ్గరికెళ్లి సంతకం పెట్టాను. ఏడ్చాను కూడా, దాచుకోవడం ఎందుకు? ఎకరంన్నర పక్క చేను ఆయనే కొన్నాడు. ఇల్లు పడగొట్టినప్పుడు తమ్ముడు ఫోటోలు పంపాడు. ఇంతవరకూ తెరిచి చూడలేదు.

అమ్మ ఇప్పుడు నరసరావుపేటలో మూడో అంతస్తులో ఉంటోంది. కుళాయి తిప్పితే నీళ్లొస్తున్నాయని మొదటి వారం రోజూ ఫోన్లో చెప్పింది. కింద గుళ్లో సాయంత్రం నలుగురు ఆడవాళ్లు తోడు దొరికారట. బొమ్మని నేను లివింగ్ రూమ్ నుంచి తీసి వంటింట్లో స్టవ్ ఎదురు గోడకి తగిలించాను.

మొన్న వీడియో కాల్‌లో అడిగింది. "ఆ పిల్ల ఉందా ఇంకా?"

"ఉందమ్మా, వంటింట్లో పెట్టాను."

"స్టవ్ సెగకైనా కాస్త చెమట పట్టిందేమో చూడు" అంది.